ఆకాశంలో పొలిమేర

శంషాబాద్ నుంచి జెడ్డాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. నేరుగా మక్కా వెళ్లే హజ్ యాత్రికులకు ఇందులో అసలైన ఘడియ విమానం దిగడం కాదు. అంతకు కాస్త ముందు, కిటికీలోంచి ఎంత చూసినా ఏ గుర్తూ కనిపించని చోట, విమానం మీఖాత్ అనే హద్దు దాటుతుంది. ఆలోగా వాళ్లు ఇహ్రామ్ అనే దీక్షలోకి రావాలి. మగవాళ్లు కుట్టని రెండు తెల్లబట్టలు కట్టుకోవాలి. మనసులో నియ్యత్, అంటే సంకల్పం, చేసుకుని తల్బియా ప్రార్థన అందుకోవాలి. అక్కడి నుంచి అత్తరు పూసుకోకూడదు, గోళ్లు తీసుకోకూడదు, వేటాడకూడదు.

మక్కాకు వెళ్లే దారుల్లో ఇలాంటి హద్దులు ఐదున్నాయి. మదీనా వైపు జుల్ హులైఫా, తాయిఫ్ దగ్గర ఖర్నుల్ మనాజిల్, యెమెన్ దారిలో యలమ్లమ్ వాటిలో కొన్ని. అన్నీ నేలమీది చోట్లే, కాలినడకన, ఒంటెల మీద వచ్చేవాళ్ల కోసం పెట్టినవే. మరి మైళ్ల ఎత్తున ఎగిరిపోయే మనిషికి ఆ నేలతో ఏం పని?

విమానం పుట్టకముందే, దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల నాడే దీనికి జవాబు దొరికింది. ఇరాక్‌లో బస్రా, కూఫా పట్టణాలు వెలిశాక అక్కడివాళ్లు ఖలీఫా ఉమర్ దగ్గర మొరపెట్టుకున్నారు. ఖర్నుల్ మనాజిల్ తమ దారికి ఎడంగా ఉందని, చుట్టు తిరిగి వెళ్లడం కష్టమని చెప్పారు. మీ దారిలోనే దానికి సరిసమానంగా ఉండే చోటు చూసుకోండి అని ఆయన జాతు ఇర్క్‌ను ఖాయం చేశారు. బుఖారీ హదీసుల్లో ఉన్న ఈ ఉదంతం చిన్నదే, కానీ దాని తర్కం చాలా దూరం పోతుంది. మీఖాత్ ఉన్న చోట కాలు పెట్టకపోయినా దాని నియమం యాత్రికుడికి వర్తిస్తుంది. మీఖాత్ కట్టిపడేసేది మట్టిని కాదు, మక్కాలోని కాబాకు బయల్దేరిన మనిషిని.

బొంబాయి నుంచి ఓడల్లో వెళ్లిన రోజుల్లో ఆ హద్దు వచ్చేలోగా మనసు కుదుటపడటానికి సముద్రం మీద బోలెడు రోజులు చిక్కేవి. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. విమానం నిమిషానికి పదమూడు కిలోమీటర్లు పోతుంది. కునుకు పడితే హద్దు వెనకబడిపోతుంది.

అందుకే కొందరు పండితులు జెడ్డాలో దిగాకే ఇహ్రామ్ కట్టవచ్చన్నారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ (ధర్మశాస్త్ర) అకాడమీ దానికి ఒప్పుకోలేదు. గాల్లోనైనా మీఖాత్‌కు ఎదురుగా వచ్చేసరికి ఇహ్రామ్ ఉండాల్సిందేనంది. మొదటి వాదంలో ముసలివాళ్ల మీద, అలసినవాళ్ల మీద కనికరం ఉంది. అయినా అకాడమీ మాటే నిలబడేది. విమానం ఎక్కడ దిగితే అదే హద్దయితే, ఆ హద్దు గీసేది ధర్మం కాదు, టికెట్టు.

హద్దుకు ముందే ఇహ్రామ్ కడితే చెల్లుతుంది. కట్టకుండా దాటితే మాత్రం వెనక్కి వెళ్లి రావాలి, లేదా పరిహారంగా మేకనో గొర్రెనో బలివ్వాలి. అందుకే హైదరాబాద్ యాత్రికుల్లో చాలామంది నాంపల్లి హజ్ హౌస్‌లోనో విమానాశ్రయంలోనో తెల్లబట్టలు కట్టేసుకుంటారు, నియ్యత్ మాత్రం మీఖాత్ దగ్గర పడుతోందని విమానంలో ప్రకటన వినబడేదాకా ఆపుకుంటారు. ముందుగా మదీనా వెళ్లేవాళ్లు మామూలు బట్టల్లోనే విమానం ఎక్కుతారు. వాళ్ల ఇహ్రామ్ తర్వాత, మక్కాకు బస్సులో బయల్దేరినప్పుడు, జుల్ హులైఫా దగ్గర.