రెండు ఉగాదులు

చిరంజీవి మనవడికి,

మీ టెక్సాస్ ఉగాది ఫొటోలు మీ అమ్మ చూపించింది. పంచె బాగానే కట్టావు. ఎండు వేపపువ్వుతోనైనా పచ్చడి కలిపారట, సంతోషం. నిరుడు నీ భుజమ్మీద చెయ్యేసి నిలబడ్డ నిజామాబాద్ అబ్బాయి మాత్రం ఈసారి ఏ ఫొటోలోనూ లేడు. ఎందుకని అడిగితే మీ అమ్మ మాట మార్చింది. నేనూ రెట్టించలేదు.

నేను ఖరగ్‌పూర్ ఐఐటీలో చేరిన కొత్తల్లో మెస్సులో ఆవనూనె వాసనకి అన్నం సయించేది కాదు. 1931లో ఖైదీల మీద కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో ఆ సంస్థ మొదలైంది. నాకైతే అది ఇంకా జైలుగానే తోచేది. ఆ బెంగ తీర్చింది రైల్వే కాలనీ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవైపు వాళ్లు పనికని వెళ్లి అక్కడే పాతుకుపోయారు. గోల్‌బజార్‌లో తెలుగులో బేరమాడేవాళ్లం. ఆ కాలనీలో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పిన్నిగారు, ఫిట్టరు భార్య, మా కుర్రాళ్ల పండగ వంటలకి గిన్నెలిచ్చేది. మన అటక మీద ఇత్తడి గుండిగ ఉందే, నువ్వు డప్పులా వాయించి నాయనమ్మ చేత తిట్లు తిన్నావు, అది ఆవిడదే.

అక్కడి మా తెలుగు సంఘమంటే చందా, ఓ నాటకం, భోజనం, అంతే. నాటకాల్లో నాకు వేషం ఇచ్చేవారు కాదు. వంకాయలు తరగమనేవారు. నాతోపాటు తరగడానికి కూర్చున్న వరంగల్ కుర్రాడే నాకు నేస్తమయ్యాడు. 1969 తెలంగాణ ఉద్యమంలో తమవైపు కాల్పుల్లో పోయిన పిల్లల సంగతి వాడు ఆ కత్తిపీట ముందే చెప్పాడు.

తెలంగాణలో సర్కారు ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాంతో మన ఇంటిదగ్గర జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. న్యాయం ఎవరిదో ఈ ఉత్తరంలో తేల్చను. చివరికి 2014లో రాష్ట్రాలే వేరయ్యాయి. కానీ ఆనాడు బెంగాల్లో పడివున్న పాతికమంది కుర్రాళ్లకి ఏం పంచుకోవాలని? అయినా విడిపోయాం. మరుసటి ఉగాదికి రెండు జట్లూ గిన్నెల కోసం పిన్నిగారి గుమ్మానికే వెళ్లాయి. "రెండు పొయ్యిలకి నా గిన్నెలు చాలవు బాబూ, ఒకటే పెట్టుకుంటే రండి" అంది. పెట్టుకోలేదు. ఆ మరుసటి ఏడాది ఉగాదే చెయ్యలేదు. నేను చదువైపోయి వచ్చేస్తుంటే, ఇంక అడిగేవాళ్లు లేరుగా అని ఆ గుండిగ నా చేతిలో పెట్టేసింది.

ఆ గొడవల్లోనే రైళ్లాగి నాకు మనియార్డరు రాలేదు. మెస్సు బకాయి ఎవరో కట్టేశారు. వరంగల్ కుర్రాడని గుమాస్తా చెబితే తెలిసింది. అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు. డబ్బు పట్టుకెళితే తీసుకోలేదు, తలుపూ తియ్యలేదు. వాడు ఏ ఊళ్లో ఉన్నాడో నాకు ఇవాళ్టికీ తెలియదు.

మీకు ఇంకా సుఖం. విమానం ఎక్కకముందే జిల్లాకో వాట్సాప్ గ్రూపు, ఇంటిపేరుకో గ్రూపు. హీరో సినిమా వస్తే కార్ల ఊరేగింపు. ఇంటిపేరు తెలిస్తే గానీ మంచినీళ్లివ్వని వాళ్లకి అమెరికా ఎందుకో, తెనాలిలోనే ఉండొచ్చుగా!

సరే, పనిమాట విను. మీ తెలుగు క్లబ్బు నుంచి విడిపోయి పెడుతున్న కొత్త సంఘం పేరిట వసూళ్లు ఆపెయ్. క్లబ్బు యూనివర్సిటీలో నమోదైనదే కదా, చందా దాని ఖాతాలోకే పోవాలి, లెక్క అందరికీ కనబడాలి. బతుకమ్మ, ఉగాది ఒకే క్లబ్బు చెయ్యాలి. బతుకమ్మకి పూలు నువ్వు మొయ్యి. ఆగస్టులో దిగే పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేటప్పుడు ఏ జిల్లా అని అడక్కు, అన్నం తిన్నారా అని అడుగు. తెలుగు రానివాళ్లని కూడా భోజనానికి పిలువు. చదువు నడిచేటప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదని మీ వీసా నిబంధన. మిగిలిన వేళంతా క్లబ్బుకే పోసి పరీక్షలు పోగొట్టుకోకు. ఆ నిజామాబాద్ అబ్బాయికి మెసేజీ పెట్టడం కాదు, గదికి వెళ్లు. మాట రాకపోతే కలిసి వండుకోండి.

నీ సొంత ఖాతాలో ఇప్పటికే పడ్డ చందా ఎవరిది వాళ్లకి ఈ వారంలోనే తిప్పి పంపు. పంపానని మీ నాన్నకి చెప్పు, నాకు చెప్పనక్కర్లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య