ఇన్‌స్పెక్టర్‌లో కనబడేది వస్తువేనా?

స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రతిదీ ఆబ్జెక్టే: అంకె, అక్షరం, తెరమీది కిటికీ, చివరికి క్లాసు కూడా. దేనితో పని పడినా సందేశం పంపి జవాబు తీసుకోవాలి, లోపల చెయ్యి పెట్టకూడదు. 1970లలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు రూపొందించిన ఈ భాషలో మొదటినుంచీ ఉన్న కట్టుబాటు అది. అదే భాష ఇన్‌స్పెక్టర్ అనే కిటికీనీ ఇచ్చింది. అందులో బ్రౌజర్ అనే మరో కిటికీ క్లాసులనూ మెథడ్లనూ చూపుతుంది. ఇన్‌స్పెక్టర్ నడుస్తున్న ఆబ్జెక్టును విప్పి దాని వేరియబుల్స్‌ను వరసగా పెడుతుంది. గుణాలన్నీ వరసగా పెడితే వస్తువును చూపినట్టేనా?

కాదంటుంది న్యాయవైశేషిక దర్శనం. ఆ మతాన్ని తర్కసంగ్రహంలో బాలబోధగా కుదించిన తెలుగు పండితుడు అన్నంభట్టు ద్రవ్యాన్నీ గుణాన్నీ వేర్వేరు పదార్థాలుగా లెక్కపెట్టాడు. గుణం ద్రవ్యాన్ని ఆశ్రయించి, సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. గుణాల వెనక మరో ఆశ్రయమేదీ లేదన్నది బౌద్ధుల పక్షం. ఈ వాదంలో స్మాల్‌టాక్ మొగ్గు న్యాయదర్శనం వారైన నైయాయికుల వైపే. వేరియబుల్స్ అన్నీ ఒకేలా ఉన్న రెండు ఆబ్జెక్టులు సమానం కావచ్చు గానీ ఒక్కటి కావు. అందుకే అక్కడ సమానత్వానికి ఒక గుర్తు, ఏకత్వానికి మరో గుర్తు.

సొంత ఇన్‌స్పెక్టర్ కట్టడంలో అసలు చిక్కు వేరు: ఏం చూపాలన్నది. ఒక ఉదాహరణ చూద్దాం. న్యాల్‌కల్ మండలంతో సహా జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తన బ్యాంకులు నడిపాయి. అలాంటి బ్యాంకులోని జొన్న రకం ఒక ఆబ్జెక్టు అనుకుందాం. మామూలు ఇన్‌స్పెక్టర్ పేరు, నేల, పంటకాలం, నిల్వ చూపి ఊరుకుంటుంది. విత్తనం ఇచ్చే మనిషికి కావలసింది అది కాదు: ఎవరు తీసుకెళ్లారు, ఎంత తిరిగి రావాలి, దేనితో కలిపి చల్లాలి. స్మాల్‌టాక్ నుంచి పుట్టిన ఫారోలో ఇందుకు ఇన్‌స్పెక్టర్‌ను ముట్టుకోనక్కర్లేదు. విత్తనం క్లాసులోనే ఒక మెథడ్ రాసి, ప్రాగ్మా అనే గుర్తు తగిలిస్తే, ఇన్‌స్పెక్టర్ దాన్ని కనిపెట్టి కొత్త ట్యాబుగా చేరుస్తుంది. తనను ఎలా చూడాలో వస్తువే చెప్పుకుంటోందన్నమాట.

అప్పుడు వేరియబుల్స్ జాబితా ఒక్కటే ‘అసలు’దనీ మిగతావి వేషాలనీ అనిపించడం సహజం. ఆ మాట నిలవదు. వేరియబుల్ విలువ కోసం ఇన్‌స్పెక్టర్ కూడా ఇన్‌స్ట్‌వార్ఎట్ అనే సందేశమే పంపుతుంది. దొంగచూపు అనుకున్నది కూడా అడిగి తెలుసుకోవడమే. కాబట్టి జాబితా కూడా ఒక చూపే. తప్పు దొరకబుచ్చుకునే వేళ దానికి విలువ ఎక్కువ, అంతే.

ఇన్‌స్పెక్టర్ కూడా ఆబ్జెక్టే గనక దాన్ని మరో ఇన్‌స్పెక్టర్‌లో తెరవచ్చు, దాన్ని ఇంకోదానిలో. ఇది అంతులేని అనవస్థ కాదా అంటే, నైయాయికుల దగ్గర జవాబుంది. జ్ఞానాన్ని పట్టుకునే రెండో జ్ఞానం అనువ్యవసాయం. అది పుట్టకపోయినా మొదటి జ్ఞానం తన విషయాన్ని చూపుతూనే ఉంటుంది. ఎవరూ తెరిచి చూడని ఇన్‌స్పెక్టర్ కూడా జొన్నను చూపుతుంది కదా. జ్ఞానం తనను తానే వెల్లడించుకుంటుందని అద్వైతులు చెప్పే స్వప్రకాశానికి మాత్రం ఇక్కడ సాటి దొరకదు. నిన్ను నువ్వే చూపించుకో అని ఇన్‌స్పెక్టర్‌ను అడిగినా తెరుచుకునేది ఇంకో కిటికీయే.