పేరు లేనివారికి పేరు

చదువవలసిన వాక్యభాగములు: యెషయా 56వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము.



బిడ్డ పుట్టగానే మనము పేరు పెట్టుదుము. ఆ పేరు సంఘపు పుస్తకములో ఎక్కును, బడి పట్టీలో ఎక్కును, రేషను కార్డులో ఎక్కును. పేరు ఉన్నచోట బియ్యము దొరకును, మందు దొరకును, మరణించిన దినమున మోయుటకు నలుగురు దొరకుదురు. ఇల్లు విడిచి పోవలసివచ్చిన వారికి మొదట పోవునది ఈ పేరే. ఈ నెల మనము అట్టివారిని గూర్చి ధ్యానింతము.

హిజ్రాలని పిలువబడువారిని మీరెరుగుదురు. పాకాల, కాట్పాడి రైళ్లలో చప్పట్లు కొట్టి చేయి చాపుదురు. కొత్త అంగడి తెరచినచోట దీవించి అడుగుదురు. తిరుపతి గంగమ్మ జాతరలో మ్రొక్కుబడికై చీర కట్టిన పురుషుని ఎవరును తరుమరు. అయితే తన మనస్సు స్త్రీ మనస్సేయని తెలిసికొని చీర కట్టినవారికి ఇంటి తలుపు మూయబడుచున్నది. 2011 జనాభా లెక్కలలో స్త్రీ పురుషుల వరుసలలో చేరక ఇతరులుగా వ్రాయబడినవారు దేశమంతట 4,87,803 మంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది.

2020 మార్చి నెలలో కరోనా తెగులు నిమిత్తము దేశమంతయు మూయబడెను. రైళ్లు ఆగెను, సంతలు ఆగెను, పెండ్లిండ్లు ఆగెను. ఏ పూటకాపూట చేయి చాపి బ్రదుకువారికి ఆ దినముననే అన్నము ఆగెను. ఆ ఏప్రిల్ మొదలు కార్డులో పేరున్న ప్రతివానికి 5 కిలోల ధాన్యము ఉచితముగా ఇచ్చిరి. మన యిండ్లలో ఎన్నిటినో అది నిలువబెట్టినది. కాని కార్డు ఇంటికి ఇచ్చునది. ఇంట చోటులేనివారికి కార్డులో చోటెక్కడిది? ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము వీరికొరకు ప్రత్యేకముగా చేసిన సహాయము 98 లక్షల 50 వేల రూపాయలు. అది అందినవారు దేశమంతట సుమారు 7,000 మంది. లెక్కకెక్కినవారిలోనే నూటికి ఇద్దరికైనను అది అందలేదు.

రోగము విషయములోను అట్లే జరిగెను. ఒక్క గదిలో ఆరుగురు ఏడుగురు పండుకొనువారు దూరము పాటించుట ఎట్లు? ఆసుపత్రికి పోయినను, పురుషుల వార్డా స్త్రీల వార్డా అను ప్రశ్న తెగకమునుపే జ్వరము ముదురును. హెచ్.ఐ.వి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో తీసికొనువారికి బస్సులు ఆగగానే మందు దూరమాయెను. 2021 మే నెలాఖరునకు ఒక్క మోతాదు టీకాయైనను పొందినవారు వీరిలో సుమారు 25 వేలమందియే. హైదరాబాదులో అమీర్‌పేట మెట్రో స్టేషను దగ్గర, హిజ్రాలతో మాటలాడినయెడల కరోనా వచ్చునని, వారిని కొట్టి తరుమవలెనని 2020లో గోడపత్రికలు అంటించిరి. తెగులు సముద్రము దాటి విమానములలో వచ్చెను. నింద మాత్రము వీధిలోని దిక్కులేనివారిమీద పడెను.

కంటికి కనబడనివారును గలరు. పురుషునే ప్రేమించు పురుషుడు, స్త్రీనే ప్రేమించు స్త్రీ మన పల్లెలలోను పుట్టుచున్నారు. బెంగుళూరులో, చెన్నపట్టణములో పనిచేసికొని నిమ్మళముగా నున్నవారు పని పోయి ఇంటికి తిరిగి వచ్చిరి. అట్టివారికి నాలుగు గోడల నడుమ కాపుదల దొరకెనా, దెబ్బలును బలవంతపు పెండ్లియు దొరకెనా, ఆ గోడలకే తెలియును.

పూర్వము నైజాము సీమలో వీరి పేర్లు వ్రాయు పుస్తకమొకటి యుండెను. అది పోలీసుల పుస్తకము. వీరిని పుట్టు దొంగలవలె ఎంచి పట్టీ వ్రాయుటకు 1919లో చట్టము చేసిరి. 2023 జూలై నెలలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసెను. మనుష్యులు వీరి పేరు వ్రాసినప్పుడు అనుమానముతో వ్రాసిరి. దేవుడు ఎట్లు వ్రాయుచున్నాడో చూడుడి. తాను ఎండిన చెట్టునని దుఃఖించు షండునికి యెషయా ద్వారా ఆయన వాగ్దానము చేసెను: తన మందిరములోనే చోటును, కొడుకులు కూతుళ్లు ఉన్నవారి పేరుకంటె మేలైన పేరును, ఎన్నడును కొట్టివేయబడని పేరును ఇచ్చెదననెను.

ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో చదువుచుండినది ఈ యెషయా గ్రంథమే. మరి కొంచెము ముందుకు చుట్ట విప్పినయెడల తన పేరిటి వాగ్దానమే అతనికి కనబడియుండును. ఫిలిప్పు దూరము నిలిచి బోధింపలేదు. రథమెక్కి ప్రక్కన కూర్చుండెను. నీళ్లు కనబడగానే బాప్తిస్మమునకు అడ్డమేమని అతడడిగెను. ఫిలిప్పు ఏ అడ్డమును చెప్పలేదు.

వారి బ్రదుకు మనము ఒప్పుకొనవచ్చునా అని మీలో కొందరడుగుదురు. మేము చెప్పునదేమనగా, దెబ్బలు తిని దారిలో పడియున్నవానిని సమరయుడు చూచినప్పుడు మొదట గాయము కట్టెను. ప్రశ్నలు అడిగిన సంగతి ప్రభువు చెప్పలేదు. మదనపల్లెయొద్ద ఆరోగ్యవరములో క్షయరోగులకు ఆసుపత్రి కట్టిన మిషను పెద్దలును, ఇంటివారే భయపడి దూరముంచిన వారికి మంచము వేసిరి. మనము ఆ పెద్దల బిడ్డలము.

కాబట్టి మరియొక తెగులు రాకమునుపే చేయవలసిన పనులు గలవు. రాష్ట్ర ప్రభుత్వము 2024 జూలై నుండి వీరికి నెలకు 4,000 రూపాయల పింఛను నిర్ణయించెను. కలెక్టరు ఇచ్చు గుర్తింపు పత్రమునకు అర్జీ పెట్టుకొను ఏర్పాటు 2020 నవంబరులో వచ్చెను. చదువు లేనివారికి ఈ కాగితములు కొండవంటివి. మన యువజనులు వెంట సచివాలయమునకు పోయి అర్జీ వ్రాయవచ్చును. స్త్రీల సమాజమువారు ఆసుపత్రికి తోడు పోవచ్చును. ప్రతి వారము మీరు తీసిపెట్టు పిడికెడు బియ్యములో వారికిని భాగముండవలెను. ఆదివారమున గుడి వాకిట ఒకరు వచ్చి నిలిచినయెడల చాప చూపి లోపల కూర్చుండబెట్టుడి. పేరేమని అడిగి ఆ పేరుతోనే పిలువుడి. మీ యింట అట్టి బిడ్డ యుండినయెడల కార్డునుండి పేరు తీయింపకుడి, తలుపు మూయకుడి. తలుపు మూయబడిన దినముననే ఆ బిడ్డకు తెగులు మొదలగును.

ప్రార్థన: ప్రభువా, మా పేర్లను నీ అరచేతులలో చెక్కుకొన్నవాడా, మేము మరచిన పేర్లును అక్కడ ఉన్నవని మాకు చూపుము. వారికి ఆకలి వేయు దినమున మా తలుపులు తెరచి యుండనిమ్ము. ఆమేన్.