ఫ్రైబెర్గ్ గని విద్యాలయ గురువు వెర్నర్

జర్మనీలోని సాక్సనీ సీమలో, వెండి గనుల పట్టణమైన ఫ్రైబెర్గ్‌లో 1765లో నెలకొన్న గని విద్యాలయానికి ఐరోపా అంతటా పేరు తెచ్చినవాడు ఆబ్రహాం గాట్లోబ్ వెర్నర్. ఇనుప కార్ఖానా పర్యవేక్షకుని కుమారుడిగా 1749లో పుట్టి, అదే విద్యాలయంలో చదివి, 1775లో అక్కడే అధ్యాపకుడిగా, ఇన్‌స్పెక్టరుగా చేరిన ఆయన 1817లో కన్నుమూసేవరకు ఆ కొలువు విడువలేదు.

ఖనిజపు రంగును, మెరుపును, విరిగిన అంచును చూసి, కత్తితో గీసి గట్టిదనం తెలుసుకొని, చేతికి తగిలే బరువును, చల్లదనాన్ని, అవసరమైతే వాసనను, రుచిని కూడా పరీక్షించి దానిని గుర్తుపట్టే పద్ధతిని ఆయన 1774లోనే గ్రంథస్థం చేశాడు. దీపపు వెలుగులో, ప్రయోగశాలకు దూరంగా పనిచేసే గని మనిషికి ఇంతకంటె అక్కరకు వచ్చే విద్య మరొకటి లేదు.

బసాల్ట్ అనే నల్లరాయితో సహా శిలల్లో అధికభాగం ఆదిమ సముద్రజలం నుంచి పేరుకొన్నవేనన్న ఆయన వాదం, అంటే నెప్ట్యూనిజం, నిలువలేదు. అగ్నిపర్వతాలను స్వయంగా పరిశీలించి దానిని వదులుకొన్నవారిలో ఆయన ప్రియశిష్యులైన లియోపోల్డ్ ఫాన్ బుఖ్, అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఉండటం ఆ బోధనకు మచ్చ కాదు, రాతిని కళ్లారా చూడమన్న ఆ శిక్షణ ఫలితమే. జీవితమంతా కూర్చిన ఖనిజ సంచయాన్ని సైతం ఆయన ఆ విద్యాలయానికే దక్కేట్టు చేశాడు.