దయయు న్యాయమును

నోరులేని జీవమని మనము పశువును జూచి యందుము. కాని పశువు కొట్టిన నఱచును, తఱిమిన బరుగెత్తును. నిజముగా నోరులేనిది చెట్టు. ఈ రెండింటిలో దేనియెడల మన ధర్మ మెక్కువ?

కేరళములో మున్నారు చెంత ఇరవికుళమను జాతీయోద్యానము కలదు. 1975లో అభయారణ్యమై, 1978లో జాతీయోద్యానమైన యా పచ్చిక కొండలపై నీలగిరి తార్ అను కొండమేకయు, నీలకురింజి యను పొదయు గూడి బ్రతుకుచున్నవి. మేకలు లోకమున మొత్తము సుమారు 3,000. పడమటి కనుమలే వాని నివాసము. వాని రక్షణకై తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రత్యేక ప్రణాళికను ప్రకటించినది. కురింజి 12 ఏండ్లకొకసారి పూచి, విత్తులు రాల్చి మరణించును. 2006లోను 2018లోను పూచినది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి ఆపన్నజాతుల పట్టికలో మేక చిరకాలముగా నున్నది. పొద 2024లో గాని చేరలేదు.

మేక కన్నులలో భయము గలదు. దానిని జూచి మన మనస్సు కరగును. పొదకు కన్నులు లేవు. పూతకు ముందే దానిని నఱికినచో ఏండ్ల తరబడి సాగిన బ్రతుకు విత్తు లేకయే ముగియును. ఆ నష్టము పూత యేట గాని లోకమునకు దెలియదు.

నొప్పి యెఱుగని దానికి అపకార మేమని కొందఱందురు. నిద్రించువాని సొత్తు నపహరించినవాడు నొప్పి కలిగింపలేదు గనుక నిర్దోషి యగునా? ఒక మేకయు నొక పొదయు ఏకకాలమున నాపదలో నున్నచో మేకనే ముందు రక్షింపవలయునని మేమును ఒప్పుకొందుము. అది దయ. కాని జాతియే నశించునపుడు రెండును సమానమే. అది న్యాయము. దయకు ఎదుటివాని మొఱ వినబడవలయును. న్యాయమునకు మొఱతో బనిలేదు.

ఈ రెండింటికిని గీడు తెచ్చినది తుపాకియు గొడ్డలియు మాత్రమే కాదు. ఆంగ్ల ప్రభుత్వకాలమున ఈ పచ్చికబయళ్ళు పనికిరాని బంజరులని యెంచబడినవి. అందు తేయాకు తోటలు వెలసినవి. పరదేశపు తుమ్మ, నీలగిరి చెట్లు నాటబడినవి. బంజరన్న యొక్క మాటయే మేకకు మేతను, పొదకు నేలను లేకుండ జేసినది.

2030లో కురింజి మరల పూయవలసియున్నది. నాడు చూడబోవువారు వేలకొలది యుందురు. పూవులేని యేండ్లలో ఆ పచ్చపొదను గాచువారెందఱో, మన న్యాయబుద్ధి యంతయే.