ఉన్న ఊరి బాకీ

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు పుట్టిన ఊరికి చేస్తున్నది తక్కువేమీ కాదు. బడికి గదులు కట్టించారు, చదువుకునే పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చారు, కంటి శిబిరాలు, క్యాన్సర్ పరీక్షల శిబిరాలు పెట్టించారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మొదలైన నాటి నుంచి మన సంఘాలన్నీ దీన్ని ఒక ధర్మంగానే నడుపుతున్నాయి. ఆ పని ఆగకూడదు. అయితే ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడిలో వేసి, పాతికేళ్ళుగా పన్ను కడుతూ బతుకుతున్న ఊరికి మనం ఏమవుతామన్న సంగతి మన సభల్లో అరుదుగా చర్చకు వస్తుంది. అక్కడ మనం అతిథులమనుకున్నంత కాలం అక్కడి బడి, అక్కడి ఆసుపత్రి, అక్కడి కుర్రాళ్ళు మన లెక్కలోకి రారు. ఈ దేశంలో మన విలువలకు అసలు పరీక్ష ఇక్కడే ఉందని నా నమ్మకం. ఉన్న ఊరి చదువులోనూ ఆరోగ్యంలోనూ ఏళ్ళ తరబడి పాలుపంచుకోవడం పుట్టిన ఊరికి పంపే చెక్కు కన్నా కష్టమైన పని. ఆ పని ఎలా ఉంటుందో, దానిలో ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయో తెలుసుకోవడానికి మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 2005, 2015, 2025లలో తానా మహాసభలు డెట్రాయిట్ ప్రాంతంలో జరిగాయి. అక్కడి నుంచి ఫ్లింట్‌కు కారులో గంట అటూ ఇటూ.

ఫ్లింట్ పేరు చెబితే జనరల్ మోటార్స్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ తొలి పెద్దల్లో ఒకరైన చార్లెస్ స్టూవర్ట్ మాట్ ఫ్లింట్‌లో పుట్టినవాడు కాదు. న్యూజెర్సీలో పుట్టాడు, న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో చక్రాలు, ఇరుసులు చేసే కుటుంబ వ్యాపారాన్ని నడిపాడు. బ్యూక్ కార్లకు ఇరుసులు కావలసి వచ్చినప్పుడు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఫ్యాక్టరీని ఫ్లింట్‌కు తరలించాడు. అంటే ఆయన కూడా బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పరాయి ఊరివాడే. వచ్చిన కొన్నేళ్ళకే మేయరుగా ఎన్నికయ్యాడు, 1926లో తన పేరుతో ఫౌండేషన్ పెట్టాడు. ఇవాళ దాని ఆస్తి మూడు వందల కోట్ల డాలర్లకు పైమాటే. అది ఇతర దేశాల్లోనూ పనిచేస్తుంది గానీ, దాదాపు వందేళ్ళుగా ఫ్లింట్‌ను మాత్రం వదల్లేదు. ఈ వదలకపోవడమే నా వాదానికి ఆయువుపట్టు.

1935లో మాట్ ఇచ్చిన ఒక విరాళం పరిమాణంలో చిన్నది, ఫలితంలో పెద్దది. ఆర్థిక మాంద్యం రోజులవి. పిల్లలు బడి వదిలాక వీధుల్లో తిరుగుతున్నారు. వాళ్ళకోసం ఏదైనా కట్టించాలన్న ఆలోచన ఆయనకు ఉంది. ఫ్లింట్ బడుల్లో వ్యాయామ విద్య చూసే ఫ్రాంక్ మ్యాన్లీ మాత్రం కొత్త కట్టడం ఎందుకన్నాడు. ప్రతి పేటలోనూ బడి ఉంది. దానిలో ఆటస్థలం ఉంది, వ్యాయామశాల ఉంది, చేతిపనుల గది ఉంది. జనం పన్నులతో కట్టిన ఆ భవనానికి మధ్యాహ్నం దాటగానే తాళం పడుతోంది. ఆ తాళం తీయించి, దగ్గరుండి చూసుకునే మనుషుల్ని పెడితే చాలు. మాట్ 6,000 డాలర్లు ఇచ్చాడు, కొన్ని బడుల తలుపులు సాయంత్రాలు తెరుచుకున్నాయి. ఆడుకోవడానికి వచ్చిన పిల్లల్లో చాలామందికి తిండీ వైద్యమూ సరిగా లేవని తేలడంతో పని ఆటల దగ్గర ఆగలేదు, పిల్లల ఆరోగ్య కేంద్రం దాకా వెళ్ళింది. పెద్దవాళ్ళకు రాత్రి తరగతులూ వచ్చాయి. ఈ పద్ధతి చూసిపోవడానికి దేశం నలుమూలల నుంచి విద్యాధికారులు ఫ్లింట్‌కు వచ్చేవారు. అరవై ఏళ్ళ తర్వాత, 1998లో, బడి వేళ దాటాక పిల్లల కోసం ఫెడరల్ ప్రభుత్వం దేశమంతటా కేంద్రాలు నడిపే పథకాన్ని పెంచినప్పుడు, దానికి తోడుగా నిలిచిన ఫౌండేషన్ ఇదే. మొదటి ఆలోచన మాత్రం డబ్బున్నవాడిది కాదు, రోజూ పిల్లల మధ్య తిరిగే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడిది. దాత గొప్పతనం ఆ మాట విని, తన ఆలోచన పక్కన పెట్టడంలో ఉంది.

1960లో రెండు లక్షలకు దగ్గరగా ఉన్న ఫ్లింట్ జనాభా 2020 నాటికి 81 వేలకు పడిపోయింది. ఫ్యాక్టరీలు వెళ్ళిపోయాయి, ఖజానా ఖాళీ అయింది, ఊరి పాలనను రాష్ట్రం నియమించిన అధికారి చేతుల్లో పెట్టారు. ఖర్చు తగ్గించడానికని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నుంచి వచ్చే మంచినీళ్ళు ఆపి, ఫ్లింట్ నది నీళ్ళు పంపారు. లోహాన్ని తినేసే గుణం ఎక్కువున్న ఆ నీటికి గొట్టాలను కాపాడే రసాయనం కలపలేదు. పాత సీసపు గొట్టాల లోపలి పొర కరిగి, సీసం కుళాయిలోకి వచ్చింది. 2015 సెప్టెంబరులో పిల్లల వైద్యురాలు మోనా హన్నా అట్టీషా ఆసుపత్రి రికార్డులు దగ్గర పెట్టుకుని, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో నిరూపించారు. అధికారులు ముందు ఆమెనే తప్పుపట్టారు, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. తిరిగి డెట్రాయిట్ నీటికి మారడానికి అయిన కోటీ ఇరవై లక్షల డాలర్లలో 40 లక్షలు మాట్ ఫౌండేషన్ వెంటనే ఇచ్చింది. మరుసటి ఏడాది, ఐదేళ్ళలో పది కోట్ల డాలర్ల దాకా ఇస్తామని మాట ఇచ్చింది.

ఆ డబ్బు పసిపిల్లల చదువు వైపు కూడా వెళ్ళడానికి కారణం ఉంది. సీసం పిల్లల మెదడుకు చేసిన హానిని తీసేసే మందు లేదు. ఇనుము, కాల్షియం, సి విటమిన్ ఉన్న తిండి కొంత కాపాడుతుంది. మంచి బాలశిక్షణ, ఓపికగా మాట్లాడే టీచరు, ఇంట్లో కుదురు, ఇవి మెదడు ఎదుగుదలకు ఆసరా ఇస్తాయి. అందుకని అక్కడ ఆరోగ్య కార్యక్రమమూ విద్యా కార్యక్రమమూ విడివిడిగా ఉండే వీల్లేదు. ఫ్లింట్ రైతుబజారు భవనంలో పై అంతస్తులో పిల్లల క్లినిక్ ఉంది. డాక్టరమ్మ చీటీ రాస్తే, తల్లి మెట్లు దిగి అదే భవనంలో ఆ చీటీతో పండ్లూ కూరగాయలూ తీసుకుపోవచ్చు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఇలా సంతల పక్కన ఊహించుకోవడం నాకు ఇష్టంగా ఉంటుంది.

ప్రభుత్వం చేసిన తప్పుకు దాతలు ఎందుకు చెల్లించాలి, అలా చెల్లిస్తే ప్రభుత్వం తప్పించుకోదా అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పిల్లాడు రేపు తాగబోయే నీటికి కోర్టు తీర్పు దాకా ఆగే తీరిక లేదన్నది ఒక జవాబు. ఫ్లింట్ చరిత్రలో ఇంకో జవాబు కూడా ఉంది. ఫౌండేషన్ డబ్బిచ్చినంత మాత్రాన ఊరివాళ్ళు ఊరుకోలేదు. దావాలు నడిచాయి, 2020లో రాష్ట్రం 60 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. దానం హక్కును మింగేయలేదు. 2024 జనవరిలో డాక్టర్ మోనా హన్నాయే మొదలుపెట్టిన ఆర్‌ఎక్స్ కిడ్స్ పథకం ఇంకా స్పష్టమైన సాక్ష్యం. ఫ్లింట్‌లో గర్భిణికి 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాది పాటు నెలకు 500 డాలర్లు ఇస్తారు. ఆదాయపు లెక్కలు అడగరు, అందరికీ ఇస్తారు. మాట్ ఫౌండేషన్ కోటీ యాభై లక్షల డాలర్లతో ముందుకు వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వ నిధులూ కలిశాయి, ఇప్పుడు మిషిగన్‌లోని మరికొన్ని ఊళ్ళకూ ఆ పథకం విస్తరించింది. ముందడుగులోని నష్టభయం దాత మోశాడు, దారి తెలిశాక ప్రభుత్వం నడిచింది.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. డబ్బున్నవాడు ఎవరి ఓటూ లేకుండా ఊరి భవిష్యత్తు నిర్ణయించవచ్చా? ఫ్లింట్‌లోనే దీనికి చేదు ఉదాహరణ ఉంది. ఏ పేట పిల్లలు ఆ పేట బడికే వెళ్ళాలన్న, మాట్ ఎంతగానో ప్రోత్సహించిన పేటబడి పద్ధతి, నల్లవాళ్ళను కొన్ని పేటలకే పరిమితం చేసిన ఆ రోజుల్లో, తెల్లపిల్లల బడులను, నల్లపిల్లల బడులను వేరుగానే ఉంచడానికి తోడ్పడిందని చరిత్రకారుడు ఆండ్రూ హైస్మిత్ 2015లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన డబ్బు కూడా ఉన్న అన్యాయాన్ని గట్టిపరచగలదు. దీన్ని దాచి ఫౌండేషన్‌ను పొగడడం నాకు ఇష్టం లేదు. అయితే దీనికి విరుగుడు దానం మానేయడం కాదు. ఏ పేటకు ఏం కావాలో ఆ పేటవాళ్ళే కూర్చుని తేల్చేలా డబ్బు మీద అధికారాన్ని కూడా పంచాలి. మన సొంత ఊళ్ళలో మనం చేసే దానాలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. మన డబ్బుతో గది కట్టిన బడిలో దళితవాడ పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్ళ తల్లిదండ్రుల్ని ఎవరైనా అడిగారా అని మనలో ఎందరం విచారించాం?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు మన ఊరి సంగతి చూడాలి కదా, అక్కడ డాలరు విలువ ఎక్కువ కదా అంటారు. డాలరు విలువ మాట నిజమే. కాని డాలరుతో పాటు పంపలేనివి ఉన్నాయి. వారం వారం బడికి వెళ్ళి లెక్కలు చెప్పే సాయంత్రాన్ని వైర్ ట్రాన్స్‌ఫర్ చేయలేం. స్కూల్ బోర్డు సమావేశంలో కూర్చోవడాన్నీ, ఉచిత క్లినిక్‌లో ఒక పూట పనిచేయడాన్నీ అలా పంపలేం. డెట్రాయిట్ శివార్లలో ఉన్న మన డాక్టర్లూ ఇంజినీర్లూ ఇవ్వగలిగిన అత్యంత విలువైనవి ఇవే. ఆ మాటకొస్తే పుట్టిన ఊళ్ళోనూ నిలబడినవి వదలకుండా ఉన్న పనులే. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో స్థిరంగా ఉండే కంటి కేంద్రాలు పెట్టి, ఆ చుట్టుపక్కల యువతకే శిక్షణ ఇచ్చి నడిపిస్తోంది. శిబిరం ఎత్తేశాక కళ్ళజోడు విరిగితే ఎవరి దగ్గరకు వెళ్ళాలో పల్లెవాడికి తెలియాలి కదా. ఇక ఫ్లింట్ పిల్లల కోసం పోరాడిన మోనా హన్నా ఇరాక్ నుంచి వలస వచ్చిన కుటుంబపు బిడ్డ. ఆ ఊరి పిల్లల్ని తన పిల్లలనుకోవడానికి ఆమెకు తాతల నాటి సమాధులు అక్కడ ఉండనక్కర్లేకపోయింది.

మాట్‌కున్నంత సంపద మన దగ్గర లేదన్నది చివరి సాకు. అంత అవసరం లేదు కూడా. 1914లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన కమ్యూనిటీ ఫౌండేషన్ పద్ధతిలో చిన్న చిన్న దాతలందరి నిధినీ ఒకచోట చేర్చి, అసలును కాపాడుతూ, ఏటా వచ్చే రాబడిలోంచి ఆ ఊరి అవసరాలకు ఇస్తారు. ఫ్లింట్‌లో అలాంటి సంస్థ 1988 నుంచీ ఉంది. ఒక తెలుగు సంఘం తన పేరున అలాంటిచోట ఒక నిధి తెరిచి, ఒకే బడికి, ఒకే పనికి పదేళ్ళపాటు కట్టుబడవచ్చు. లెక్కలూ ఆడిటూ ఆ సంస్థే చూసుకుంటుంది. మిషిగన్‌లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. 1980ల చివర్లో కెల్లాగ్ ఫౌండేషన్ ఇచ్చిన ప్రోత్సాహంతో రాష్ట్రంలోని కమ్యూనిటీ ఫౌండేషన్లన్నిటిలోనూ యువత కోసం శాశ్వత నిధులు ఏర్పడ్డాయి. వాటిలోంచి ఎవరికి ఎంత ఇవ్వాలో హైస్కూలు వయసు పిల్లల కమిటీలే సిఫారసు చేస్తాయి. దరఖాస్తులు చదువుతారు, అడిగినవాళ్ళను వెళ్ళి చూస్తారు, వాదించుకుంటారు. మన పిల్లలు కాలేజీ దరఖాస్తు కోసం సేవా గంటలు పోగుచేస్తున్నారు. ఈ కమిటీలకు దరఖాస్తు పెట్టమని వాళ్ళకు చెప్పడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.