వేపపూత మానేసిన ఇల్లు

కొల్లిపర దాటి కృష్ణ కరకట్ట ఎక్కితే అవతల లంకలు కనబడతాయి. అరటి, కంద, పసుపు పండే ఒండ్రు నేలలు. ఆ లంకలను ఆనుకొని ఉన్న ఒక ఊళ్ళో, ఒకప్పుడు, ఓ మోతుబరి రైతు ఉండేవాడు. పసుపు పండించడంలో ఆ ఇంటికి పేరు. పుష్యంలో తవ్వకం మొదలుపెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్ము నిగనిగలాడేలా రుద్దించి, ఫాల్గుణం వెళ్ళేలోగా బండ్లు దుగ్గిరాల చేర్చేవారు. ఉగాది నాటికి చేతిలో డబ్బు, గాదెలో ధాన్యం, చెట్టు నీడన వచ్చే ఏటి విత్తనపు పసుపు కుప్ప ఉండేవి.

ఆ ఇంట్లో ఉగాది పచ్చడి రైతు తల్లి చేసేది. తెల్లవారకముందే తలంటు పోసుకుని, దొడ్లో వేపచెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మలు దులిపించేది. రాలిన పూతను చేటలో పోసి, అరచేత్తో మెల్లగా నలిపి, కాడలన్నీ చెరిగి పారేసి రేకులు మాత్రం ఉంచేది. కొత్త కుండలో కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, లేత మామిడి ముక్కలు, ఉప్పు, పచ్చిమిరప తరుగు. వీటన్నిటికీ లెక్క ఉండేది. పూత మాత్రం గుప్పిళ్ళతో వేసేది. పిల్లలు మొహం ముడిస్తే "ఏడాదికి ఒక్క పూటేగా, మింగండి" అనేది.

పాలేళ్ళ జీతాలు తేలేది ఉగాదికే. కౌళ్ళు తిరిగి మాట్లాడుకొనేదీ అప్పుడే. అంచేత ఆ పొద్దున అరుగు నిండా మనుషులుండేవారు. దేవుడికి నైవేద్యం కాగానే ఆవిడ పచ్చడి కుండ అరుగు మీదికి తెచ్చి, కొడుకుతో మొదలుపెట్టి పశువులు కాసే కుర్రాడి దాకా అందరి చేతుల్లోనూ తనే పోసేది. అందరూ తిన్నాక ఒక్క మాట అడిగేది.

"చేదు తిన్నారుగా. ఇప్పుడు మీ నోట్లో చేదు మాట ఏదన్నా ఉంటే చెప్పెయ్యండి. ఇవాళ ఎవరి మీదా కోపం ఉండదు."

"కుంచం ఒక వేలెడు పెద్దదమ్మగారూ, మేం కొలిచేటప్పుడు ఒకటీ మీరు కొలిచేటప్పుడు ఒకటీ అవుతోంది" అన్నాడు ఓ ఏడు కౌలుదారు. "ఎడమ ఎద్దు మెడ పుండైంది, నాలుగుసార్లు చెప్పినా కాడి మార్చలేదు" అన్నాడు కుర్రాడు. రైతు మొహం కందగడ్డ అయ్యేది. కానీ తల్లి పక్కనే నిలబడి ఉండేది. మర్నాటికి కుంచం మారేది, కాడీ మారేది.

ఆ తల్లి పోయింది. మరుసటి ఉగాదికి కోడలు పచ్చడి చేస్తూ, పిల్లలు తినడం లేదని పూత సగం తగ్గించింది. ఆ తర్వాతి ఏడు చిటికెడు వేసింది. మూడో ఏడు అరటిపండు ముక్కలు, కొబ్బరి తురుము, వేయించిన శనగపప్పు, జీడిపప్పు వచ్చి చేరాయి, పూత మానేసింది. అందరూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. రైతుకి మహా సంతోషం. తల్లి అడిగే మాట ఆ ఏడు ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం రామాలయంలో పంచాంగ శ్రవణం. సిద్ధాంతిగారు రైతు రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని చదివారు. రైతు మొహం చిన్నబోయింది. అది చూసిన సిద్ధాంతిగారు మరుసటి ఏడు నుంచి ఆదాయం గట్టిగా, వ్యయం గబగబా చదవడం మొదలుపెట్టారు. రైతు సంభావన పెంచాడు.

ఆ శీతాకాలం పసుపు తవ్వుతుంటే పెద్దపాలేరు చేతికి పడమటి మడిలో మెత్తబడ్డ దుంపలు తగిలాయి. ఆ మడి పల్లం, నీరు నిలుస్తుంది. దుంప విరిస్తే లోపల పసుపు బదులు గోధుమరంగు, ముక్కు మూసుకొనేంత వాసన. పైకి బాగానే కనబడే ఆ మడి దుంపలే విత్తనం కుప్పలోకి వెళ్ళాయి. పాలేరు ఆ మాట కడుపులో పెట్టుకొని ఉగాది కోసం ఆగాడు. ఆ రోజు అరుగు మీద చెయ్యి చాచాడు. తియ్యటి పచ్చడి పడింది.

"ఎలా ఉంది?" అన్నాడు రైతు.

"బాగుంది బాబూ."

బాగుందన్నాక రెండో మాట ఎలా వస్తుంది? పాలేరు చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయాడు.

జ్యేష్ఠంలో ఎకరానికి 10 క్వింటాళ్ళ చొప్పున విత్తనం నాటారు. భాద్రపదానికి ఆకులు అంచుల నుంచి ఎండడం మొదలైంది. మొక్క పట్టుకొని లాగితే అడ్డేమీ లేకుండా చేతికొచ్చేసింది. దుంపకుళ్ళు. తవ్వకం నాటికి చేలో పెట్టిన విత్తనమంత సరుకు కూడా బయటికి రాలేదు.

"నువ్వు మా నాన్న కాలంనాటి మనిషివి. నీకు తెలియకుండా ఉంటుందా? ఎందుకు చెప్పలేదు?" అని రైతు కేకలేశాడు.

"అమ్మగారున్నప్పుడు చెప్పడానికి ఒక పూట ఉండేది బాబూ. ఆ పూట తమరే తీసేశారు" అన్నాడు పాలేరు.

తర్వాతి ఉగాదికి రైతు స్వయంగా దుప్పటి పరిచి పూత దులిపాడు. అరుగు మీద అందరి చేతుల్లో పచ్చడి పోసి, తల్లి అడిగిన మాటే అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. చాలాసేపటికి పెద్దపాలేరు అన్నాడు: "అమ్మగారు తమరితో మొదలుపెట్టేది బాబూ, పచ్చడి." రైతు కుండలోంచి తన చేతిలో పోసుకొని తిన్నాడు. "విత్తనం కుప్ప నేను ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. తప్పు నాదైతే నీ మీద అరిచాను" అన్నాడు. అప్పుడు పశువుల కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. ఆ పూట మాటలు తెమిలేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది.

నీతి

షడ్రుచులంటే సుఖదుఃఖాలు, జీవితంలో అన్నీ కలిసి వస్తాయి, సమంగా తీసుకోవాలి. ఉగాది పచ్చడికి మనం చెప్పుకొనే అర్థం ఇదే. నిజమే. కానీ దుఃఖం రావడానికి పండుగ అక్కర్లేదు, అది తన వేళకి వస్తుంది. మన పెద్దలు చేసిన ఏర్పాటు ఇంకా లోతైనదని నా నమ్మకం. చేదును కోరి, పరగడుపున, ఒకే కుండలోంచి, ఇంటి పెద్దతో సహా అందరూ తినాలి. కష్టాన్ని ఓర్చుకోవడమే కావాలంటే ఎవరి మూల వాళ్ళు కూర్చొని మింగినా సరిపోయేది. నలుగురి ఎదుట తినమన్నారంటే చేదుకు ఇంట్లో చోటుండాలన్నమాట.

చైత్ర శుద్ధ పాడ్యమి నాటి విధుల్లో తలంటు, పంచాంగ శ్రవణంతోపాటు ధర్మశాస్త్రాలు చెప్పేది నింబకుసుమ భక్షణం. అంటే వేపపువ్వు తినడం. బెల్లం, చింతపండు దానికి తోడు వచ్చినవే. కన్నడిగులు ఆ రోజు వేప, బెల్లం కలిపి పంచుతారు. మరాఠీవాళ్ళు గుడి పాడ్వాకి వేపాకు తింటారు. తమిళులు తమ సంవత్సరాదికి మామిడి పచ్చడిలో వేపపూత వేస్తారు. పులుపూ కారమూ ఊరూరికీ మారాయి, వేప మాత్రం ఎక్కడా పోలేదు. జీడిపప్పు వేసుకుంటే తప్పేం లేదు, వేసుకోండి. పూత తీసేస్తే మాత్రం అది వేరే వంటకం.

పంచాంగ శ్రవణమూ ఇలాంటిదే. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం చెప్పాక ఆ ఏటి రాజు, మంత్రి, పంటల బాగోగులు, ఒక్కో రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం, అవమానం చదువుతారు. ఫలాలను ఎవరెంత నమ్ముతారన్నది వాళ్ళ ఇష్టం. నన్ను కదిలించేది ఆ పద్ధతి. ఊరి పెద్దకీ కూలీకీ ఈ ఏడు రాబోయే ఖర్చు, అవమానం గుడిలో అందరూ వింటుండగా చదవడం. అరవై సంవత్సరాల వరుసలో క్రోధి, విరోధి, దుర్మతి, పరాభవ ఉన్నాయి. 2026 మార్చి 19న వచ్చిన ఉగాది పరాభవదే. ఆ పేరుకీ ముందు శ్రీ చేర్చి, గుమ్మానికి మామిడాకులు కట్టి పిలుచుకున్నాం. అరవయ్యోదైన క్షయని మాత్రం నోటికి రానివ్వకుండా అక్షయ అంటున్నాం. పచ్చడిలో పూత తగ్గించే చెయ్యి అక్కడా ఉంది.

ఇదంతా కొల్లిపర మనుషులకు దూరపు సంగతి కాదు. 2009 అక్టోబరులో, మళ్ళీ 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. లంకల్లో అరటి, కంద, పసుపు నీళ్ళ కింద ఉండిపోయాయి. కరకట్టకు ఎక్కడ బొరియ పడిందో, ఏ మురుగు కాలువ పూడిందో ముందు తెలిసేది రోజూ ఆ గట్టు మీద నడిచేవాళ్ళకి. వాళ్ళలో చాలామంది సొంత భూమి లేని కౌలురైతులు, కూలీలు. భూమి యజమాని తెనాలిలోనో గుంటూరులోనో, ఇంకా దూరంగా అమెరికాలోనో ఉంటాడు. ఉగాదికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పి కౌలు ఎంతో తేల్చుకుంటాడు. "అంతా బాగేనా?" అంటే అటు నుంచి "బాగేనండీ" అంటారు. కౌలు పోతుందన్న భయం ఉన్నవాడు ఇంకేమంటాడు? వరద ఏడు కౌలు కట్టడానికి తెచ్చిన అప్పు గురించి, యజమాని పేర పట్టా ఉన్నందుకు తన దాకా రాని నష్టపరిహారం గురించి ఆ రెండు నిమిషాల ఫోనులో చెప్పలేడు. చెప్పనివ్వడం పైవాడి పని. కథలో రైతు మొదటి ముద్ద తానే తినాల్సి వచ్చింది అందుకే.

పిల్లల కోసం పూత తగ్గించాలనిపిస్తే పిల్లల చేతిలో తగ్గించండి, ఇంటి పెద్ద చేతిలో మాత్రం తగ్గించకండి. వచ్చే ఉగాదికి కౌలు ధర మాట్లాడకముందే ఆ మనిషిని ఇంటికి పిలిచి, పచ్చడి మీరు తిని, తనకు పెట్టి, నిదానంగా అడగండి: మురుగు పారుతోందా, విత్తనం ఎక్కడ తెచ్చావు, వరద నాటి అప్పు ఇంకా ఎంత మిగిలింది, పోయిన ఏడు నా వల్ల నీకు జరిగిన నష్టం ఏమిటి?